కాగు మడుగు కాపలా

ఉత్తరం కింద చిహారు పేరు పెట్టలేదు. అయినా అది టౌన్ ఆఫీసుకి చేరిన రోజు సాయంత్రానికే, రాసిందెవరో కమిసెరి ఊళ్ళో అరవై గడపలకీ తెలిసిపోయింది. "కాగు మడుగులో పిల్లలు ఈదడాన్ని వెంటనే ఆపించవలసిందిగా మనవి" అని అంత గుండ్రటి దస్తూరీతో, అంత మర్యాదగా రాసే మనిషి ఆ లోయలో ఇంకెవరున్నారు గనక.

ఆమె ఆ ఊరికొచ్చి నాలుగు నెలలే అయింది. భర్త కజుమ అక్కడివాడే. పదేళ్ళు ఒసాకా పక్కన అమగసాకిలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసి, సొంతూళ్ళో కలప సంఘంలో ఖాళీ ఉందని తెలిసి, భార్యనీ తొమ్మిదేళ్ళ కూతురు ఇతోనీ వెంటబెట్టుకుని మార్చిలో తిరిగొచ్చాడు. చిహారు అమగసాకిలోనే పుట్టి పెరిగింది. అక్కడ నది అంటే రెండు సిమెంటు గోడల మధ్య నల్లగా పారేది. పక్కన ఇనప కంచె, కంచె మీద 'ప్రమాదం, దగ్గరికి రావద్దు' అన్న బోర్డు, బోర్డు మీద మునిగిపోతున్న పిల్లాడి బొమ్మ. ఆరేళ్ళపాటు ఆ బొమ్మ చూస్తూనే బడికి నడిచింది. బడిలో ఈత క్లాసున్న రోజు కడుపు నొప్పనో జలుబనో చెప్పి గట్టు మీద కూర్చునేది. ముప్ఫై ఆరేళ్ళొచ్చినా మొహం మీద నీళ్ళు పడితే ఊపిరాడనట్టయ్యేది.

జూలై మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఇతోని తీసుకురావడానికి గొడుగేసుకుని ఏటి ఒడ్డుకి వెళ్ళింది. సెరి నది అక్కడ కొండకి తగిలి వంపు తిరుగుతుంది. ఆ వంపులో నీళ్ళు కాగులో పోసినట్టు గుండ్రంగా నిలిచి ఉంటాయి. మూడు నిలువుల లోతు. అంత లోతులోనూ అడుగునున్న గులకరాళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. వాటి మీది పాచిని గీరి తింటూ అయు చేపలు పక్కకి తిరిగినప్పుడల్లా తళుక్కుమంటాయి. అవతలి ఒడ్డున నల్లటి పెద్ద బండ ఒకటి నీళ్ళ మీదికి వంగి ఉంటుంది. దాన్ని ఎద్దురాయి అంటారు. చిహారు చూస్తుండగానే ఏడేళ్ళ పిల్ల ఒకతి ఆ బండ మీంచి, మేడ మీంచి దూకినట్టు, దబ్బున నీళ్ళలోకి దూకింది. ఇవతల చిరుగుల గొడుగు కింద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఆవిడే కాపలా అట. విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది.

చిహారు ఇతో చెయ్యి పట్టుకుని బరబరా లాక్కొచ్చేసింది. ఇంటికి రాగానే కూర్చుని ఉత్తరం రాసింది.

వారం తిరక్కుండానే మడుగు దగ్గర నోటీసు వెలిసింది. తల్లిదండ్రుల సమావేశంలో నిర్ణయం జరిగేదాకా పిల్లలు నీళ్ళలోకి దిగరాదు.

ఊళ్ళో ఎవరూ ఆమెతో గొడవపడలేదు. అలా పడినా బాగుండేది. అంతకుముందు పొద్దున్నే తలుపు తీస్తే గడప మీద ఎవరో ఒకరు పెట్టి వెళ్ళిన వంకాయలో, కీర దోసకాయలో ఉండేవి. అవి ఆగిపోయాయి. రోడ్డు పక్క కొట్లో అయు చేపలు కాల్చి అమ్మే గెంగో మటుకు ఊరుకోలేకపోయాడు.

"ఏమ్మా, మా పెరటి గుంటలో బాతులు కూడా ఈదుతున్నాయి. వాటి మీద కూడా ఓ ఉత్తరం పడేస్తావా?" అన్నాడు, ఆమె కొట్టు ముందునించి పోతుంటే.

ఇంట్లో కజుమ రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు నోరు విప్పాడు.

"నాతో ఒక్కమాట చెప్పాల్సింది."

"చెబితే వద్దనేవాడివి."

"అనేవాణ్ణే. నేనా రాయి మీంచే దూకాను. మా నాన్నా దూకాడు."

"మీ నాన్న రోజుకి రెండు పెట్టెల సిగరెట్లు కూడా తాగేవాడుగా. అదీ నేర్పుతావా దానికి?"

కజుమ లేచి టీ పోసుకున్నాడు. ఇతో తల వంచుకుని నూడిల్సు తింటోంది. ఆ పిల్ల ఈ గొడవ గురించి మొదట్నించీ ఒక్కమాట కూడా మాట్లాడలేదు. కోపంగా ఉందేమో అనుకుంది చిహారు.

ఐదో రోజు ఆ కాపలా ముసలావిడ ఇంటికొచ్చింది. పేరు యసునో. ఎనభై రెండేళ్ళు. నడుము వంగిపోయింది గానీ కళ్ళు చురుగ్గా ఉన్నాయి. నాలుగు టమాటాలు అరుగు మీద పెట్టి కూర్చుంది.

"ఉత్తరం రాసింది నువ్వే కదా అమ్మాయ్?"

చిహారు నేల చూపులు చూస్తూ, "అవునండీ. మీ మీద ఏ కోపంతోనూ..." అంది.

"మంచిపని చేశావు. ఈ ఊళ్ళో భయపడటం అందరూ మర్చిపోయారు. ఒకరికైనా ఉండాలి." మోకాలు రాసుకుంది. "అయితే ఆ ఉత్తరంలో 'ప్రమాదకరమైన చోటు' అని రాశావట. అదెక్కడో నాకు చూపించు. అరవయ్యేళ్ళుగా కాపలా కాస్తున్నాను. నాకు తెలియనిదేదైనా ఉంటే తెలుసుకోవాలి కదా. రేపు ఆరింటికి రా."

"నీళ్ళలోకి దిగొద్దని నోటీసు పెట్టారుగా బామ్మగారూ."

"పిల్లలు దిగొద్దని పెట్టారు. నేను పిల్లనా?"

మర్నాడు ఆరింటికి లోయలోకి ఎండ ఇంకా దిగలేదు. ఏటి మీద పల్చటి పొగమంచు. నీళ్ళలోంచి పుచ్చకాయ కోసినట్టు ఒక వాసన వస్తోంది. అది అయు చేపల వాసనని తర్వాత తెలిసింది చిహారుకి. యసునో పాత పంట్లాము, రబ్బరు చెప్పులతోనే మోకాలి లోతు దాకా దిగి నిలబడి, "చూపించు" అంది.

చిహారు ఎద్దురాయి వైపు వేలు చూపించింది. "అదే. అంత ఎత్తు."

"ఆ రాయి కింద మూడు నిలువుల నీళ్ళున్నాయి. రాయి లేదు, రప్ప లేదు. ఈ మడుగంతటికీ భద్రమైన చోటు అదే. ఇంకా?"

చిహారు మడుగంతా కలయజూసింది.

యసునో ఆమె చెయ్యి పట్టుకుని నడిపించింది. మడుగు చివర నీళ్ళు పల్చబడి, అద్దంలా, చీమ కూడా మునగదన్నట్టుండే చోటుకి తీసుకెళ్ళి, ఒక ఎండుపుల్ల విసిరింది. పుల్ల నెమ్మదిగా తేలుతూ పోయింది. ఉన్నట్టుండి ఎవరో కిందనించి గుంజినట్టు మాయమైంది. చాలాసేపటికి దిగువన పది బారల దూరంలో తేలింది.

"ఇదీ నువ్వు రాయాల్సింది. ఇక్కడ అడుగునున్న బండ కింద సొరంగముంది. కొత్తవాళ్ళందరూ ఇదే మంచి చోటనుకుంటారు. మా పిల్లలెవరూ ఇటు రారు. మూడేళ్ళ వయసునించీ చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతాను." తర్వాత ఊట పైకి తన్నుకొచ్చే చోటు చూపించింది. అక్కడ నీళ్ళు ఉన్నట్టుండి మంచులా చల్లబడి కాళ్ళు కొంకర్లు పోతాయట. ఎగువన కొండల్లో వాన పడితే, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే, నీళ్ళు ముందు ఏ రంగుకి తిరుగుతాయో, అప్పుడు ఎంతసేపట్లో పిల్లల్ని ఒడ్డెక్కించాలో చెప్పింది.

చిహారు అంతా విన్నాక మెల్లగా అంది. "మరి ఆ రోజు మీరు నిద్రపోతున్నారు."

"కళ్ళు మూసుకున్నాను. ఎండకి నీళ్ళకేసి అదేపనిగా చూస్తే కళ్ళు బైర్లు కమ్ముతాయి, అప్పుడు చూసినా ఏం కనపడదు. చెవులతో కాస్తాను. పదకొండు మంది పిల్లలు పదకొండు రకాల గోల చేస్తారు. ఒక గొంతు తగ్గిందంటే లేచి నిలబడతాను."

 తను రాసిన ఉత్తరంలో ప్రతి వాక్యమూ మర్యాదగానే ఉంది, వ్యాకరణమూ సరిగ్గానే ఉంది. నది గురించి మాత్రం అందులో ఏమీ లేదు.

"బామ్మగారూ, నాకు ఈత రాదు."

"నువ్వు నీళ్ళలో అడుగేసిన తీరుకే తెలిసింది. నేనూ కొండ మీది టీ తోటల్లోంచి వచ్చిన కోడల్నే. అక్కడ బావి నీళ్ళు తప్ప ఏమీ ఎరగం. ఇరవయ్యేళ్ళప్పుడు ఇక్కడ నేర్చుకున్నాను. మా అత్తగారు నవ్వుతుందని ఇలాగే పొద్దున్నే వచ్చేదాన్ని. ఒంటరిగా దిగి, రెండుసార్లు చావబోయి బతికాను. నీకు ఆ కష్టం లేదు, నేనున్నాను. ముందు మొహం ముంచు."

మొహం ముంచడానికే చిహారుకి మూడు పొద్దులు పట్టింది. నాలుగో రోజు కళ్ళు తెరిచింది. నీళ్ళ కింద వెలుతురుంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. తన పాదాలు, వాటి మధ్య ఒక తెల్లరాయి, రాయి మీద వేలెడు చేపపిల్ల. ఊపిరి చాలక పైకి లేచి దగ్గింది. దగ్గుతూనే మళ్ళీ ముంచింది.

నెలాఖరున ఊరి హాల్లో సమావేశం జరిగింది. టౌన్ ఆఫీసునించి నిషిమొరి అనే కుర్ర ఉద్యోగి వచ్చాడు. టై కట్టుకున్నాడు. చెమటలు కారుతున్నాయి.

"మా అమ్మ ఆ మడుగులోనే ఈత నేర్చుకుంది. మూసెయ్యాలని నాకూ లేదు," అన్నాడు. "కానీ ఉత్తరమంటూ వచ్చాక ఊరుకోలేం. నిబంధన ఏమిటంటే, పిల్లలు ఈదుతున్నంతసేపూ పెద్దవాళ్ళు ఇద్దరుండాలి. ఇద్దరూ అగ్నిమాపక కేంద్రం వాళ్ళ పరీక్ష పాసవ్వాలి. బట్టలతో యాభై మీటర్లు ఈదాలి, తాడు విసిరి మనిషిని లాగాలి. వయసు డెబ్భై ఐదు దాటకూడదు."

అందరూ యసునో వైపు చూశారు.

"ఎనభై రెండేళ్ళకి చావొచ్చు గానీ కాపలా కాయకూడదన్నమాట," అంది యసునో.

"అలా రాయలేదు బామ్మా."

"రాయకపోయినా అర్థం అదేలే నాయనా. చెప్పు, ఆ తర్వాత?"

తర్వాత చెప్పడానికేం లేదు. మగవాళ్ళు పగలు అడవిలో ఉంటారు, గెంగో కొట్టు వదల్లేడు. తల్లుల్లో సగం మంది దిగువన వృద్ధాశ్రమంలో, సగం మంది అల్లం గోదాముల్లో పనికి పోతారు. పగలు ఊళ్ళో ఉండి ఈతొచ్చిన ఆడమనిషి గెంగో భార్య హత్సుమి ఒక్కతే. ఆవిడ సరేనంది. రెండో మనిషెవరు?  అందరూ చాప మీది గళ్ళు చూస్తున్నారు. ఎవరూ తనవైపు చూడకపోవడమే చిహారుకి ముల్లులా గుచ్చుకుంది. ఇంట్లోనే ఉండి, ఒసాకానించి వచ్చే మీటింగుల టేపులు విని టైపు చేసిపెట్టడం ఆమె ఉద్యోగం. ఆ పని ఎప్పుడైనా చేసుకోవచ్చు.

"నేను చేస్తాను," అంది.

గెంగో మెడ తిప్పి చూశాడు. "నీకు ఈతొచ్చా?"

"రాదు."

ఎవరో కిసుక్కుమన్నారు. హాలంతా నవ్వింది. అందులో ఎగతాళి ఉంది, ఇన్నాళ్ళ బిగువు సడలడమూ ఉంది. నిషిమొరి కూడా రుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. కజుమ ఒక్కడే నవ్వలేదు. నోరు తెరుచుకుని భార్యనే చూస్తున్నాడు.

"వస్తుంది," అంది యసునో. "పరీక్ష ఎప్పుడో చెప్పండి."

ఆగస్టు పదిన. అప్పటికి పన్నెండు రోజులుంది. రోజూ ఆరింటికి మడుగు, ఎనిమిదింటికి ఇల్లు. యసునో ఒడ్డున నిలబడి వెదురు కర్రతో నీళ్ళ మీద కొడుతూ తిట్టేది. "కాళ్ళు కప్పలా ముడువు. నీ కంటే కప్ప నయం. మెడ బిగబట్టకు, ఏరు నిన్ను మోస్తానంటుంటే ఎందుకా పోట్లాట?" తేలడం వచ్చిన రోజున చిహారు వెల్లకిలా పడుకుని కొండల మధ్య సన్నటి ఆకాశాన్ని చూసింది. చెవుల్లో నీళ్ళు గులకరాళ్ళని దొర్లించే చప్పుడు. ఎంతసేపలా ఉందో ఆమెకే తెలియదు. "పడవలాగా అక్కడే ఉండిపోతావా ఏం? ఇంటికెళ్ళవా?" అని యసునో అరిస్తే గానీ లేవలేదు.

పరీక్ష దిగువ ఊళ్ళో హైస్కూలు కొలనులో. గెంగో తన చేపల వ్యానులో హత్సుమినీ చిహారునీ తీసుకెళ్ళాడు. హత్సుమి చొక్కా ప్యాంటుతో దిగి, ఆయాసమన్నది లేకుండా, మార్కెట్టుకెళ్ళి వచ్చినట్టు యాభై మీటర్లు ఈదేసింది. చిహారు నలభై దాకా బాగానే వెళ్ళింది. అక్కడ తడిసిన ప్యాంటు బరువెక్కి కాళ్ళని కిందికి లాగింది. ముక్కులోకి నీళ్ళు పోయాయి. చెయ్యి దానంతటదే కొలను అంచు పట్టేసుకుంది. పరీక్ష పెట్టే ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, "పంతొమ్మిదిన మళ్ళీ ఉంది," అన్నాడు.

వ్యాను కొండ దారి ఎక్కింది. గెంగో వేళాకోళం చేస్తాడని చిహారు కాచుకుని కూర్చుంది. అతను గేరు మార్చి గొంతు సవరించుకున్నాడు.

"ఒక సంగతి చెబుతాను, ఎవరితోనూ అనకు. నాకు యాభై ఎనిమిదేళ్ళు. ఎద్దురాయి మీంచి నేనింతవరకూ దూకలేదు. ఎక్కుతాను, కిందికి చూస్తాను, ఏదో పనుందని చెప్పి దిగొచ్చేస్తాను."

వెనక సీట్లో నిద్రపోతోందనుకున్న హత్సుమి కళ్ళు తెరవకుండానే అంది. "ఊరందరికీ తెలుసులే. పెళ్ళి చూపులప్పుడే చెప్పారు నాకు."

గెంగో ముందు చెవుల దాకా ఎర్రబడ్డాడు. తర్వాత వ్యాను కొంచెం పక్కకి పోయేంతగా నవ్వాడు. చిహారు కూడా నవ్వింది. నవ్వుతుంటే ముక్కులో మిగిలిన నీళ్ళు కారాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇతో అడిగింది. "అమ్మా, నువ్వు పాసైతే మడుగు తెరుస్తారా?"

"తెరుస్తారు. నీకిష్టమేగా?"

ఇతో చాప్‌స్టిక్కులతో అన్నం కెలుకుతూ కూర్చుంది. "నాకు ఈదడం ఇష్టమే. దూకడం భయం. అందరూ దూకాలి దూకాలి అంటారు. నువ్వు ఉత్తరం రాశాక ఇంక దూకక్కర్లేదని సంతోషించాను. నీ వల్ల అందరూ ఈత మానేశారు, నేను మటుకు సంతోషించాను. అందుకే చెప్పలేదు."

నెల రోజులుగా ఆ పిల్ల మౌనాన్ని కోపమనుకుంది తను. చిహారు కూతురి పక్కకి జరిగి కూర్చుంది.

"దూకక్కర్లేదు. ఈ ఊళ్ళో ఒక్కసారి కూడా దూకని పెద్దవాళ్ళున్నారు."

"ఎవరు?"

"చెప్పనని మాటిచ్చాను."

"గెంగో మావయ్యే కదా?" అంది ఇతో. కజుమకి పొలమారింది.

పంతొమ్మిదో తేదీన చిహారు యాభై మీటర్లు ఈదింది. అందంగా ఏమీ ఈదలేదు. నలభై దగ్గర కాళ్ళు మళ్ళీ కిందికి లాగాయి. ఈసారి పోట్లాడకుండా, యసునో నేర్పినట్టు, రెండు ఊపిరులు వెల్లకిలా తేలి, మళ్ళీ బోర్లా తిరిగి మిగతాది పూర్తిచేసింది. తాడు మొదటిసారి గురి తప్పింది. రెండోసారి సరిగ్గా పడింది. ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం నిషిమొరి స్వయంగా వచ్చి నోటీసు పీకేశాడు. అతను మేకులు ఏరుకుంటుండగానే పిల్లలు అతని రెండు పక్కలనించీ నీళ్ళలోకి ఉరికారు. అతని టై తడిసింది.

వేసవి సెలవులు ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. ఆ పదకొండు రోజులూ చిహారు, హత్సుమి చెరో చివరా కూర్చున్నారు. యసునోకి నిబంధన ప్రకారం అక్కడ పనేం లేదు. రోజూ వచ్చి మధ్యలో గొడుగేసుకుని కూర్చునేది. టమాటాలు వలసంచీలో వేసి నీళ్ళలో ఒక రాతికి కట్టేది. అవి చల్లబడ్డాక పిల్లలకి పంచేది. చిహారు మొదటిరోజు రెప్ప వెయ్యకుండా చూసి, సాయంత్రానికి తలనొప్పి తెచ్చుకుంది. మూడోరోజు కాసేపు కళ్ళు మూసుకుని వినడం ప్రయత్నించింది. ముందు అంతా ఒకటే గోల. కొంతసేపటికి అందులోంచి ఇతో నవ్వు వేరుపడింది. ఆ తర్వాత ఇంకొకటి. సెలవులు అయిపోయేసరికి ఏడుగురి గొంతులు పట్టగలిగింది. మిగతా నలుగురివీ వచ్చే ఏడు నేర్చుకోవాలనుకుంది.

సెప్టెంబరు చివర్లో పెద్ద తుఫాను వచ్చింది. రెండు రోజులు ఏరు మట్టిరంగులో రోడ్డు దాకా పొంగి పారింది. రాళ్ళు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు ఇళ్ళలోకి వినపడింది. వారానికల్లా నీళ్ళు మళ్ళీ తేటపడ్డాయి. కానీ అడుగున ఏది ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. తర్వాతి ఏడు మే నెలలో నీళ్ళ చలి కాస్త విరిగాక, ఒక పొద్దున యసునో చిహారుని పిలిచింది. చలికాలంలో ఆవిడ మోకాలు మరీ పాడైంది. ఒడ్డున రాతి మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది.

"ప్రతి ఏడూ నేనే దిగి చూసేదాన్ని. ఈసారి నువ్వు దిగి, నాకు చెప్పు."

చిహారు ఈత కళ్ళద్దాలు పెట్టుకుని దిగింది. చల్లదనానికి ఊపిరి ఒక్కక్షణం బిగుసుకుని, సర్దుకుంది. ఎద్దురాయి కింద మునిగి, మూడు చోట్ల అడుగు తడిమి, ఊట దగ్గరికెళ్ళి, బండ సొరంగానికి దూరంగా ఆగి పుల్లలు వదిలి చూసి, చాలాసేపటికి తిరిగొచ్చింది.

"రాయి కింద లోతు అలాగే ఉంది బామ్మా, కొత్త బండలేం పడలేదు. సొరంగం మటుకు ఇంకో రెండు బారలు ఇటు జరిగింది, పిల్లలు అటు పోకుండా హద్దు తాడు ఇవతలికి కట్టాలి. అటు వెదురు పొద కింద ఇసక మేట వేసింది."

"అబద్ధం. అరవయ్యేళ్ళలో అక్కడ ఇసక ఎప్పుడూ లేదు. అంతా పెద్ద రాళ్ళు."

"ఇప్పుడుంది."

"చూసింది తిన్నగా చూశావా? ఇంకోసారి వెళ్ళి చూడు."

చిహారు మళ్ళీ ఈదుకుంటూ వెళ్ళింది. వెదురు పొద కింద నిలబడింది. మోకాళ్ళ దాకానే నీళ్ళు. పాదాల కింద మెత్తటి తెల్ల ఇసక, పిండి ఆరబోసినట్టు పదడుగుల పొడుగునా. ఒడ్డున ఆవిడకి కనపడేట్టు రెండు చేతులూ పైకెత్తి చూపించింది.

యసునో కళ్ళు చికిలించి చూసింది. 

"సరే అయితే," అని కేకేసింది. "ఈ ఏడాది చిన్నపిల్లలకి అక్కడ నేర్పు."